ఒప్పుకుంటే ఉంటాను

“ఊదు బావా.”

లిఫ్టు మెకానిక్ కుర్చీలో వెనక్కి జరిగాడు. బామ్మర్ది ముక్కు ఆయన నోటికి జానెడు దూరంలో ఉంది.

“ఏంట్రా నీ గోల. నేనేమన్నా రోడ్డు మీద దొరికానా, నువ్వేమన్నా పోలీసువా?”

“పోలీసునైతే చేతిలో మిషనుండేది. మనకి ముక్కే గతి. ఊదు.”

ఊదాడు. బామ్మర్ది కళ్ళు మూసుకుని పీల్చాడు. డ్రైవింగ్ స్కూల్లో నేర్పించే మనిషి. పక్క సీట్లో కూర్చుని తన కాలి కిందున్న బ్రేకు తొక్కీ తొక్కీ, ఎవరింటికెళ్ళినా మాట వేగం అందుకోగానే ఆయన కుడికాలు నేలని నొక్కేస్తుంది. ఇప్పుడూ నొక్కుతోంది.

“ఏమొచ్చింది మావయ్యా?” గుమ్మానికి ఆనుకుని నిలబడ్డ కూతురు అడిగింది.

“లవంగం.”

“పన్ను నొప్పిరా నాకు,” అన్నాడు మెకానిక్.

“పన్ను నొప్పికీ లవంగమే నములుతారు, వాసన చంపడానికీ లవంగమే నములుతారు. నేనేది అనుకోవాలి?”

“ఏదో ఒకటి అనుకుని కాస్త దూరంగా కూర్చో. నీ నోట్లోంచి ఉల్లిపాయ కొడుతోంది.”

ఎవరూ నవ్వలేదు. టీవీ ముందున్న బల్ల మీద రక్తపరీక్ష రిపోర్టు విప్పి ఉంది. లివర్ లెక్క ఉండాల్సినదానికి మూడింతలు దాటిందని అందులో ఉంది. అంతవరకైతే ఇంత రచ్చ అయ్యేది కాదు. నిన్న సాయంత్రం క్లినిక్ నుంచి ఫోన్ చేసిన అమ్మాయి, సోమవారం పొద్దున్నే రమ్మని చెప్పి, చివర్లో ఒక ప్రశ్న వేసింది. “ఆయనకి తాగే అలవాటుందా అని మేడమ్ అడగమన్నారండి.”

ఫోన్ ఎత్తింది భార్య. ఆ ప్రశ్నకి ఆవిడ ఏం జవాబు చెప్పిందో తెలియదుగానీ, ఫోన్ పెట్టేసి నేరుగా లోపలి గదిలోకి వెళ్ళి అటక మీంచి సంచి దించింది.

రెండేళ్ళ కిందట గుండెకి స్టెంటు వేసిన రోజున ఆయన తాగుడు మానేశాడు. మళ్ళీ ముట్టుకుంటే ఇంట్లో ఉండనని ఆవిడ ఆ రోజే చెప్పింది. అప్పట్నుంచి ఇద్దరూ ఆ మాట ఎత్తలేదు. ఎత్తకపోయినా అది ఇంట్లోనే, ఏ మూలో కూర్చుని ఉంది.

“నాన్నా,” కూతురు దగ్గరికొచ్చింది. “నాకొక్కదానికి చెప్పు. తాగావా?”

“లేదమ్మడూ.”

“కొంచెం?”

“కొంచెం తాగడం నాకెప్పుడొచ్చు? లేదంటే లేదు. అసలు ఆ కొలెస్ట్రాల్ మాత్రే లివర్‌ని పాడుచేస్తుందని మొదట్నుంచీ మొత్తుకుంటున్నానా లేదా? ఫోన్లో వీడియోలో తెల్లకోటేసుకున్నాయన కూడా చెప్పాడు.”

“నువ్వు వేసుకోవట్లేదుగా. కాళ్ళు పీకుతున్నాయని, విషమని, స్ట్రిప్పు తీసుకెళ్ళి మురిక్కాలవలో పడేసింది నువ్వేగా. వేసుకోని మాత్ర లివర్‌ని ఎలా పాడుచేస్తుంది నాన్నా?”

మెకానిక్ లవంగం ఈ దవడ నుంచి ఆ దవడకి మార్చుకున్నాడు.

లోపలి గదిలో బట్టలు మడత పెడుతున్న చప్పుడు ఆగిపోయింది.

ఆయన మాత్ర వేసుకోవట్లేదని ఇంట్లో అందరికీ తెలుసు. రోజూ ఆయన కడుపులోకి వెళుతోందని మాత్రం భార్యకొక్కదానికే తెలుసు. స్ట్రిప్పు కాలవలో పడ్డ మర్నాడే ఆవిడ ఇంకొకటి తెచ్చింది. పొద్దున్నే గరిటె వెనకవైపుతో పొడి చేసి ఓట్స్ జావలో కలిపి, పైన కాస్త తేనె వేసి ఇస్తోంది. ఆవిడకిది కష్టమైన పని కాదు. క్రెష్‌లో ఆయాగా పనిచేస్తోంది. చేదు మందు చూడగానే మూతి బిగించే పిల్లలందరూ ఆవిడ చేతిలో మాత్రం చప్పరించి మింగేస్తారు.

అది తప్పని ఆవిడకి ఒక్కరోజూ అనిపించలేదు. మందు మానేసి మనిషి పోతే తప్పుగానీ. లివర్ సంగతీ అడగకపోలేదు. కొంతమందికి కొంచెం పెరగొచ్చు, అంత భయపడక్కర్లేదని మొదట్లోనే చెప్పింది డాక్టరమ్మ. తర్వాత చేయించిన పరీక్షలో ఏమీ లేదు కూడా. మరి ఉన్నట్టుండి మూడింతలంటే మాత్ర వల్ల కాదు. సీసా వల్లే.

ఆవిడ సంచి పట్టుకుని ముందుగదిలోకి వచ్చింది.

“ఏవండీ. నేను తాగారని వెళ్ళట్లేదు. తాగి, తాగలేదంటున్నారు చూడండి, అందుకు వెళ్తున్నా.”

“తాగలేదన్నది నిజమైతే?”

“కాగితానికి మీమీద పగేమన్నా ఉందా?”

“కాగితానికి లేదు. నీ తమ్ముడికుంది.”

“నన్నెందుకు లాగుతావ్ బావా. నేను ముక్కు అరువిచ్చానంతే.”

“నువ్వు నోర్ముయ్‌రా,” అంది అక్క. మొగుడి వైపు తిరిగింది. “రేపు డాక్టరు దగ్గరికి నేనూ వస్తా. ఆవిడ ముందు నిజం ఒప్పుకోండి. ఒప్పుకుంటే ఉంటాను. మాన్పించే బాధ్యత నాది. అక్కడ కూడా లేదు లేదంటే, అట్నుంచి అటే తమ్ముడింటికి వెళ్ళిపోతా.”

“చెయ్యనిది ఒప్పుకోవాలా?”

“చేసింది ఒప్పుకోవాలి.”

మెకానిక్ లేచాడు. చెప్పులు కాళ్ళకి తారుమారుగా తొడుక్కుని, చూసుకుని, మార్చుకుని బయటికెళ్ళిపోయాడు.

*

ఆయన అటు వెళ్ళగానే బామ్మర్ది ఇల్లంతా జల్లెడ పట్టాడు. నీళ్ళ ట్యాంకు మూత ఎత్తి చూశాడు. చెప్పుల స్టాండు కింద చెయ్యి పెట్టి చూశాడు. బియ్యం డబ్బాలోకి మోచేతి దాకా దిగాడు.

“ఎక్కడ దాస్తాడో నాకు తెలుసక్కా. మా దగ్గర నేర్చుకునేవాళ్ళలో ఒకాయన స్టెప్నీ టైర్లో దాచాడు.”

“మా ఇంట్లో స్టెప్నీ లేదు మావయ్యా,” అంది కూతురు.

“నువ్వూ ఓ చెయ్యి వెయ్యొచ్చుగా.”

“నేను వెతకను.”

“ఎందుకట?”

“దొరికితే ఏం చెయ్యాలో తెలీదు నాకు.” గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది.

పనిముట్ల సంచి బాల్కనీలో ఉంది. దాన్ని ఇంతవరకూ ఇంట్లో ఎవరూ ముట్టుకోలేదు. గ్రీజు మరకలు ఇంట్లో అంటుకుంటాయని ఆయనా లోపలికి తేడు. భార్య దాని ముందు గొంతుక్కూర్చుంది. టెస్టరు, స్పానర్లు, తీగ చుట్ట, రెండు పాత బేరింగులు, టార్చి. అడుగున ఒకదానిలో ఒకటి దూర్చిన తోలు గ్లౌజులు. నొక్కి చూసింది. లోపల ఏదో గరగరలాడింది.

చిన్న సీసా అయ్యుంటుందనుకుంది. ఒక్క నిమిషం తియ్యలేదు. దొరకాలని ఉందో, దొరక్కూడదని ఉందో ఆవిడకే తెలియలేదు.

వచ్చింది మాత్రల స్ట్రిప్పు.

నిద్రమాత్రలేమోనని వెలుతురులోకి తిప్పింది. పేరు చదవడానికి కళ్ళద్దాలు అక్కర్లేకపోయింది. ఆ రంగు, ఆ ఆకారం, ఆ వెండి రేకు మీద వంకరగా పడ్డ అచ్చు. రోజూ పొద్దున్నే తను గరిటెతో నలుపుతున్న మాత్రే. సగానికి పైగా గదులు ఖాళీ.

పారేసింది కాదు. వేసుకున్నది.

క్రెష్ గేటు దగ్గర ఆవిడ నిలబడి పిల్లల్ని తీసుకుంటుంది. సంచిలో మందు సీసా కనపడిందంటే, ఎంత హడావుడిలో ఉన్న తల్లినైనా ఆపి ఒక మాట అడుగుతుంది. ‘ఇంట్లో వేశారా, నేను వెయ్యాలా?’ అడక్కుండా పిల్లని లోపలికి తీసుకోదు. ఒకసారి తల్లీ వేసి, ఇంకో ఆయా కూడా వేసి, పిల్ల రోజంతా మగతలో పడుంటే అందరి పైప్రాణాలూ పైనే పోయాయి. ఆ తర్వాత ఆ నియమం పెట్టించింది ఆవిడే.

సొంత మొగుణ్ణి మాత్రం అడగలేదు.

“ఏమన్నా దొరికిందా అక్కా?” వంటింట్లోంచి కేకేశాడు తమ్ముడు.

స్ట్రిప్పు గుప్పిట్లోకి మాయమైంది. “ఏం లేదు. గ్రీజు.”

కిందికి దిగింది. మెకానిక్ లిఫ్టు తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. ఎక్కడానికి కాదు. చెవి తలుపుకి ఆనించి పైకెళుతున్న చప్పుడు వింటున్నాడు. సెలవు రోజున కూడా అదే పని. ఈమధ్య షాఫ్టులోకి దిగే పని ఆయనకి ఇవ్వట్లేదు. గుండె రిపోర్టు బాగుండేదాకా ఆఫీసులో ఫోన్లు ఎత్తమన్నారు. ఆ కోపం కూడా ఉంది.

“మిమ్మల్ని ఒకటి అడగాలి,” అంది.

“అడిగావుగా అందరి ముందూ.”

“అది కాదు. అదీ...”

“ఉండు. ముందు నేనొకటి చెప్తా, తర్వాత నీ ఇష్టం.” తలుపు మీంచి చెవి తియ్యలేదు. ఆవిడ మొహం చూడకుండా మాట్లాడాలని కాబోలు. “బయట టీ కూడా మానేశాన్నేను. పని దగ్గర పార్టీ అంటే లేచొచ్చేస్తున్నా. నీ చేత్తో నువ్వు పెట్టింది తప్ప ఈ నోట్లోకి ఏమీ పోవట్లేదు. అదొక్కటైనా నమ్ము.”

ఆవిడ గుప్పిట్లో రేకు అంచు అరచేతికి గుచ్చుకుంది.

“ఏదో అడగాలన్నావు?”

“సంచిలో మీ బట్టలు రెండు వచ్చేశాయి నావాటితో,” అంది. “తీసి పెడతాను.”

లిఫ్టు పైనెక్కడో ఆగింది.

*

మర్నాడు క్లినిక్‌కి ముగ్గురూ బామ్మర్ది కార్లో వెళ్ళారు. ‘కొత్తగా నేర్చుకుంటున్నాం, దూరంగా ఉండండి’ అని వెనక రాసి ఉన్న కారు. కూతురికి కొరియర్ ఆఫీసులో సెలవు దొరకలేదు. ఏ సంగతీ వెంటనే ఫోన్ చెయ్యమంది.

దారిలో చెబుదామనుకుంది. తమ్ముడు ముందున్నాడు. వరండాలో చెబుదామనుకుంది. పక్కన ఎవరో దగ్గుతున్నారు, టీవీలో ఎవరో అరుస్తున్నారు. చెప్పాల్సిన మాట లోపల ఎన్నిసార్లు కూర్చుకున్నా చివరికి ఒకే చోటికొచ్చి ఆగుతోంది. నా చేతి ముద్ద ఒక్కటే నమ్మారు. అందులోనే కలిపాను.

పిలిచారు. లోపల కుర్చీలు రెండే. బామ్మర్ది గోడకి ఆనుకుని నిలబడ్డాడు. సంచి భార్య ఒళ్ళో ఉంది.

డాక్టరమ్మ రిపోర్టు చూసి, కళ్ళద్దాలు పైకి తోసింది. “సూటిగా అడుగుతాను, ఏమనుకోకండి. తాగుతున్నారా?”

మెకానిక్ చూపు భార్య మొహం మీద ఆగలేదు. నేరుగా ఒళ్ళో ఉన్న సంచి మీదికి వెళ్ళింది.

“తాగుతున్నానండి.”

గోడ దగ్గర బామ్మర్ది కాలు నేలని నొక్కింది. భార్య తలెత్తింది.

“ఎంత?”

“ఎంతంటే... మామూలుగా.”

“మామూలంటే?”

“అందరూ తాగినంత.”

“అందరూ ఎంత తాగుతారో నాకెలా తెలుస్తుంది? ఏం తాగుతారు?”

ఆయన ఇబ్బందిగా కదిలాడు. రెండేళ్ళ నుంచి ముట్టని మనిషికి పేరు కూడా చప్పున నోటికి రాలేదు. “ఏది దొరికితే అదండి,” అన్నాడు.

“నిన్న ఎంతలా బుకాయించావ్ బావా,” అన్నాడు బామ్మర్ది, మెల్లిగానే.

“ఒప్పుకున్నాగా. ఇంకేం కావాలి నీకు?” భార్య వైపు తిరిగాడు. గొంతు తగ్గించాడు. “ఒప్పుకున్నా. సరేనా?”

డాక్టరమ్మ రాయడం మొదలుపెట్టింది. “అయితే కారణం తెలిసినట్టే. తాగుడు ఈ రోజుతో ఆపాలి. కొలెస్ట్రాల్ మాత్ర మాత్రం ఆపొద్దు, స్టెంటు ఉంది కాబట్టి అది మీకు కావాలి. నిజానికి చెడు కొలెస్ట్రాల్ నేననుకున్నదానికన్నా బాగా దిగింది. మాత్ర మీకు బ్రహ్మాండంగా పనిచేస్తోంది. అదే కొనసాగిద్దాం.”

“మాత్ర వేసుకోడుగా ఈయన,” అన్నాడు బామ్మర్ది. “కాలవలో పారేశాడు కూడా.”

కలం ఆగింది. “వేసుకోవట్లేదా?”

“వేసుకుంటున్నానండి.” మెకానిక్ చెవులు ఎర్రబడ్డాయి. “మా వాడొకడు, నాతోపాటు పనిచేసేవాడు, ఈమధ్యే మెట్ల మీద గుండె పట్టుకుని కూలబడ్డాడు. నేనే మోసుకొచ్చా కిందికి. ఆ సాయంత్రమే కొనుక్కున్నా. ఇంట్లో అంత రచ్చ చేసి, మళ్ళీ ఈవిడ ముందు మింగాలంటే సిగ్గేసింది. పని దగ్గర వేసుకుంటున్నా.”

“మంచిపనే చేశారు,” అని డాక్టరమ్మ మళ్ళీ రాతలో పడింది.

ఆ క్షణంలో భార్యకి ఒక దారి కనపడింది. నున్నటి దారి. తను ఏమీ మాట్లాడక్కర్లేదు. రేపట్నుంచి జావలో కలపడం మానేస్తే చాలు. ఆయన మాత్ర ఆయన వేసుకుంటాడు. లివర్ తనంతట తనే దిగుతుంది. తాగుడు మాన్పించింది, మనిషిని నిలబెట్టింది అని తమ్ముడు అందరికీ చెప్పుకుంటాడు. సంచి అటక ఎక్కుతుంది. ఎవరికీ ఏమీ తెలియదు. ఒక్క ఆయన మాత్రం, చెయ్యని పని నెత్తిన పెట్టుకుని బతుకుతాడు. కూతురు కూడా జీవితాంతం అదే నమ్ముతుంది.

“ఆయన తాగలేదండి,” అంది.

“అక్కా, ఆయనే ఒప్పుకుంటుంటే నీకేంటి?”

“తాగలేదు.” కొంగు ముడి విప్పి స్ట్రిప్పు బల్ల మీద పెట్టింది. “ఇది ఆయన సంచిలో దొరికింది. ఆయన పని దగ్గర వేసుకుంటున్నారు. నేను ఇంట్లో వేస్తున్నాను. జావలో నలిపి. ఆయనకి తెలీదు.”

బయట టీవీలో అరుస్తున్న మనిషి గొంతు లోపలికి స్పష్టంగా వినపడింది.

డాక్టరమ్మ కళ్ళద్దాలు తీసింది. “అంటే రోజూ రెండా?”

“ఆయనకి ఒకటి. నాకు ఒకటి.” తను అన్నది తప్పుగా ఉందని తెలిసి సరిదిద్దుకోబోయింది. సరిదిద్దడానికి ఏమీ దొరకలేదు.

“నేను రాసినదానికి రెట్టింపు పడుతోందన్నమాట. లివర్ అలిగిందంటే అలగదూ.” రాసిన కాగితం చించి కొత్తది తీసింది. “ప్రస్తుతానికి పూర్తిగా ఆపేయండి, ఇద్దరూ. కొన్నాళ్ళాగి మళ్ళీ రక్తం చూద్దాం. ఆపితే చాలామందికి దిగిపోతుంది. ఈలోపు కళ్ళు పచ్చబడినా, ఆకలి చచ్చినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా ఆగకుండా వచ్చెయ్యండి. గుండె డాక్టరుతో నేను మాట్లాడతాను. దిగాక తక్కువ మోతాదుతో మళ్ళీ మొదలుపెట్టాలి, మానెయ్యడం కుదరదు. అప్పుడు మాత్రం ఒక్కరి చేతి మీదుగానే నడవాలి. ఎవరి చెయ్యో మీరిద్దరూ తేల్చుకుని రండి.”

మెకానిక్ బల్ల మీది స్ట్రిప్పునే చూస్తున్నాడు.

“మరి తాగుతున్నానని ఎందుకన్నారండీ?” అడిగింది డాక్టరమ్మ.

“ఒప్పుకుంటే ఉంటానందండి,” అన్నాడు. స్ట్రిప్పు తీసుకుని జేబులో పెట్టుకుని లేచాడు.

*

బయటికొచ్చాక బామ్మర్ది బావ మొహం చూసి, అక్క మొహం చూసి, “నేను బండి తెస్తా,” అన్నాడు. బండి ఎదురుగానే ఉంది. అయినా చుట్టూ తిరిగి వెళ్ళాడు.

ఇద్దరూ మెట్ల మీద నిలబడ్డారు. ఆయన తిడతాడనుకుంది. తిడితే పడడానికి సిద్ధపడి ఉంది. ఆయన రోడ్డు వైపు చూస్తున్నాడు.

“ఎప్పట్నుంచి?”

“మీరు కాలవలో పడేసిన మర్నాటి నుంచి.”

“రోజూనా?”

“రోజూ.”

మళ్ళీ ఆయనే అడిగాడు. “ఒకరోజు జావ బాగుందన్నాను. అంతకుముందెప్పుడూ అనలేదు నేను. గోడ కాగితాలంటించే జిగురని ఏడిపించేవాణ్ణి. ఆ రోజు మాత్రం నిజంగానే బాగుందన్నాను. గుర్తుందా?”

“ఉంది.”

“ఆ రోజు కూడానా?”

“ఆ రోజు కూడా.”

ఆయన తలూపాడు. షాఫ్టులో ఎక్కడో చప్పుడు తేడాగా ఉందని తెలిసినప్పుడు ఊపే ఊపు అది. ఎక్కడన్నది ఇంకా దొరకనప్పుడు.

“మిమ్మల్ని నమ్మకపోవడం నాదే తప్పు,” అంది. “అందరి ముందూ అన్నాను. అందరి ముందే చెప్తాను. అమ్మడికి చెప్తాను. మీ ఆఫీసుకొచ్చి చెప్పమన్నా చెప్తాను.”

“నువ్వు ఇంటికి పద.”

“మీరు?”

“నేను బయట ఎక్కడైనా తినేసి వస్తా.”

కోపంగా అనలేదు. అందుకే ఆవిడకి భయం వేసింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఎంత పోట్లాడుకున్నా, పళ్ళెం విసిరేసిన రోజున కూడా, తినడానికి ఇంటికే వచ్చిన మనిషి.

రోడ్డు దాటుతుంటే వెనకనుంచి చూసింది. పెద్దగా తొందరేం లేనట్టే నడుస్తున్నాడు. అవతలివైపు వరసగా దుకాణాలు. ఒకటి హోటలు. దాని గోడకి ఆనుకునే బారు. రెంటికీ మెట్లు ఒకటే, పైకెక్కాక తలుపులే వేరు.

బస్సొచ్చి అడ్డంగా ఆగింది. నింపాదిగా జనాన్ని దింపి, ఎక్కించుకుని కదిలింది.

అవతలి మెట్ల మీద ఆయన లేడు.

ఒక కాలు రోడ్డు మీదికి పెట్టింది. వెళ్ళి చూడ్డమెంతసేపు. కానీ చూశానని తెలిస్తే, ఇప్పుడు కూడా నమ్మలేదనేగా. చూడకుండా ఇంటికెళ్ళిపోతే, సాయంత్రం ఆయన తలుపు తీసుకుని లోపలికొచ్చేటప్పుడు తన ముక్కు ఏం చేస్తుందో తనకి తెలుసు. పెట్టిన కాలు వెనక్కి తీసుకుంది. మళ్ళీ పెట్టింది.

చేతిలో ఫోన్ మోగింది. కూతురు.

“అమ్మా, ఏమన్నారు? నాన్న తాగలేదుగా?”

“తాగలేదే. నాన్న తప్పేం లేదు. వచ్చాక అంతా చెప్తా.”

అవతల కూతురు గట్టిగా ఊపిరి వదిలిన చప్పుడైంది. “నేను చెప్పలా. ఒకసారి నాన్నకివ్వు, సారీ చెప్తా.”

“ఇక్కడ లేరు. తినడానికి వెళ్ళారు.”

“బయటా? ఎక్కడికి?”

ఆవిడ రోడ్డవతలి రెండు తలుపుల్నీ మార్చి మార్చి చూసింది. ఒక తలుపు ఇంకా కొద్దిగా ఊగుతోంది.